గుండె మందు – ప్రేగులలోని సూక్ష్మజీవులు

గుండె బలహీనపడినప్పుడు, దాని లయ తప్పినప్పుడు వైద్యులు వాడే పాత మందులలో డిజాక్సిన్ ఒకటి. ఇది డిజిటాలిస్ జాతి మొక్క ఆకుల నుండి లభిస్తుంది. ఈ జాతి ఆకుల గుణాన్ని ఇంగ్లండు వైద్యుడు విలియం వితరింగ్ 1785లో గ్రంథస్థం చేశాడు. మందు మంచిదే గాని, దానిని వాడడం కత్తిమీద సాము వంటిది. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ నడుమ ఎడం బహు స్వల్పం. తక్కువైతే గుండె కుదుటపడదు. ఎక్కువైతే వాంతులు కలుగుతాయి, చూపు పసుపుబారుతుంది, గుండె లయ చెడి ప్రాణం మీదికి రావచ్చు.

ఇంత జాగ్రత్తగా తూచి ఇచ్చినా, ఒకే మోతాదు కొందరికి సరిపోయి మరికొందరికి చాలకపోవడం వైద్యులను చిక్కులో పెట్టింది. న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ లిండెన్‌బామ్, ఆయన సహచరులు 1981లో ఈ చిక్కుకు ఒక కారణం చూపారు. సుమారు పదిమందిలో ఒకరి శరీరంలో ఈ మందులో పెద్ద భాగం హైడ్రోజన్‌ను చేర్చుకొని దాదాపు నిష్ప్రయోజకమైన పదార్థంగా మారి, మూత్రంలో వెలువడుతోంది. ఈ పని చేస్తున్నది కాలేయం కాదు, పెద్దప్రేగులో నివసించే బాక్టీరియా. అట్టివారికి ఎరిత్రోమైసిన్ గాని టెట్రాసైక్లిన్ గాని కొద్దిరోజులు ఇవ్వగా ఆ మార్పు ఆగిపోయింది. రక్తంలో డిజాక్సిన్ పరిమాణం కొందరిలో రెండింతల వరకు పెరిగింది. (ఎరిత్రోమైసిన్ తరగతి మందులు శరీరం డిజాక్సిన్‌ను బయటికి పంపే శక్తిని కూడా తగ్గిస్తాయని తరువాత తెలిసింది.) గొంతునొప్పికి ఇచ్చిన మందు గుండెకు అపాయం తెచ్చిపెట్టగలదన్నమాట. రోగి ఏ మాత్రలు వాడుతున్నదీ వైద్యుడు విధిగా అడగడం ఇందుకే.

ఆ బాక్టీరియా ఏదో 1983లో తెలిసింది. అప్పుడు దానిని యూబాక్టీరియం లెంటమ్ అన్నారు. నేటి పేరు ఎగ్గర్థెల్లా లెంటా. ఇక్కడ ఒక విచిత్రం బయటపడింది. డిజాక్సిన్‌ను మార్చని మనుషుల ప్రేగులలోనూ ఇది ఉన్నది. ఉన్నంత మాత్రాన పనిచేయడం లేదు.

ఈ ప్రశ్నకు దక్షిణ భారతం నుండి విలువైన సమాచారం చేకూరింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వి.ఐ. మథన్, లిండెన్‌బామ్ బృందంతో కలిసి చేసిన పరిశోధన 1989లో వెలువడింది. ఆరోగ్యవంతులకు డిజాక్సిన్ ఇచ్చి మూత్రాన్ని పరీక్షించగా, న్యూయార్కువాసులలో 186 మందికి 67 మంది, అనగా 36 శాతం, మందును మార్చేవారని తేలింది. దక్షిణ భారతీయులలో 204 మందికి 28 మందే, అనగా 13.7 శాతం. ఇంతకంటె ఆలోచింపజేసే అంకెలు మన వారి లోపలే ఉన్నాయి: పట్టణవాసులు 104 మందిలో 23 మంది మందును మార్చగా, గ్రామీణులు 100 మందిలో అట్టివారు ఐదుగురు మాత్రమే. ఒకే ప్రాంతంలో ఊరికీ పట్టణానికీ ఇంత అంతరం ఉంటే, దానిని కేవలం జాతి భేదానికి అంటగట్టడం సబబు కాదు. జీవన విధానం వైపే వేలు చూపవలసి ఉంటుంది.

ఆహారం ప్రభావం ఎట్టిదో 2013లో కొంత స్పష్టమైంది. అమెరికా పరిశోధకులు హైజర్, టర్న్‌బా ప్రభృతులు ఈ బాక్టీరియాలో రెండు జన్యువులను గుర్తించారు. డిజాక్సిన్ సమక్షంలో అవి చురుకుగా పనిచేస్తాయి. మాంసకృత్తులలో లభించే ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగా ఉంటే అణగిపోతాయి. ఈ జన్యువులు లేని బాక్టీరియా రకాలు మందును ముట్టనే ముట్టవు. మాంసకృత్తులు అధికంగా గల మేత మేసిన ఎలుకల రక్తంలో డిజాక్సిన్ ఎక్కువగా నిలిచింది.

సూక్ష్మజీవులు మార్చేది మందును మాత్రమే కాదు. గుడ్డు పచ్చసొనలోని కోలిన్‌ను, మాంసంలోని కార్నిటిన్‌ను అవి ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. కాలేయం దానికి ఆక్సిజన్‌ను చేర్చుతుంది. ఇలా ఏర్పడే ఆక్సైడు రక్తంలో అధికంగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం, మరణం ఎక్కువగా సంభవించినట్లు అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 4,007 మందిని మూడేళ్లపాటు గమనించి 2013లో ప్రకటించారు. చిరకాలంగా శాకాహారి అయిన వ్యక్తికి మాంసం తినిపించినా ఈ పదార్థం అంతగా పుట్టలేదు. అయితే దీనినే దోషిగా నిలబెట్టడం తొందరపాటు. మూత్రపిండాలు చెడినప్పుడు ఇది రక్తంలో పేరుకుంటుంది. మధుమేహుల రక్తంలోనూ హెచ్చుగా కనిపిస్తుంది. కనుక ఇది వ్యాధికి కారణమా, వ్యాధి చిహ్నమా అన్న చర్చ సాగుతూనే ఉంది. పైగా సముద్రపు చేపలలో ఈ ఆక్సైడు ముందే సిద్ధంగా ఉంటుంది. చేపలు తినేవారికి గుండెజబ్బు ఎక్కువని మాత్రం తేలలేదు.