శీతల వాతాగ్రము – దాని రాకను తెలిసికొనుట

ఉదయము వెచ్చగా నున్నంత మాత్రమున పగలంతయు నట్లే యుండునని తలంపరాదు. 1940 నవంబరు 11వ తేదీన అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఉదయము హాయిగా నుండెను. అది సెలవు దినము. అనేకులు పలుచని దుస్తులతో మిస్సిసిప్పీ నది లంకలకు బాతుల వేటకై వెడలిరి. కొన్ని గంటలలోనే వాయవ్యమునుండి పెనుగాలి వీచెను; వాన మంచుగా మారెను; నదిలో పడవలు సాగవయ్యెను. ఆ రాష్ట్రమున 49 మంది మరణించిరి. వారిలో ఇంచుమించు సగము మంది బాతుల వేటగాండ్రే.

దీనికి కారణమేమి? చల్లని గాలి బరువైనది, వెచ్చని గాలి తేలికైనది. నాగటికర్రు నేలలో దూరి మట్టిని పైకెత్తినట్లు, ఉత్తరపు చలిగాలి వెచ్చని గాలి క్రింద దూరి దానిని పైకెత్తును. పైకెగసిన గాలి చల్లబడగా మేఘములును, వర్షమును గలుగును. ఈ రెండు గాలుల సరిహద్దే శీతల వాతాగ్రము. మొదటి మహాయుద్ధానంతరము నార్వేలోని బెర్గెన్ నగర శాస్త్రజ్ఞులు, సేనలు తలపడు వరుసను బట్టి, దీనికి ‘ఫ్రంటు’ అని పేరిడిరి.

ఉత్తరార్ధగోళమున దీని గుర్తులు మూడు. మొదటిది, వాతాగ్రము సమీపించుకొలది భారమితిలో వాయుభారము తగ్గును. అది దాటగనే త్వరితముగా పెరుగును. రెండవది, దక్షిణపు లేక నైరృతిగాలి హఠాత్తుగా పడమటికో వాయవ్యమునకో మరలును. మూడవది, ఉష్ణమాపకములో వేడిమి దిగజారును. పడమటి దిక్కున నల్లని మేఘముల వరుసయు సాధారణముగా గానవచ్చును.

రాక సమయమును లెక్కింపవచ్చును. వాతాగ్రము 120 మైళ్ల దూరమున నుండి గంటకు 30 మైళ్లు నడచుచున్నచో, 4 గంటలలో మన యూరు చేరును. అయితే దాని వేగము మారుచుండును గనుక లెక్కను మరల మరల సరిచూడవలెను.

మన తెలుగుదేశమున నింతటి వాతాగ్రములు రావు. అయినను తుపాను సమీపించునపుడును వాయుభారము తగ్గును, గాలి దిక్కు మారును. కావున మేము మా విద్యార్థులకు చెప్పునది యిదియే: ఒక్కసారి చూచిన యంకెను నమ్మవలదు. ప్రతిదినము నియమిత వేళలందు వాయుభారమును, గాలి దిక్కును, వేడిమిని పుస్తకమున వ్రాసి, నిన్నటి యంకెలతో పోల్చుడు. రానున్న దానిని దెలుపునది అంకె కాదు, అంకెలోని మార్పు. ఆ వేటగాండ్రకు ఉదయపు వెచ్చదనము కనబడెను. రానున్న మార్పు కనబడలేదు.