ఎండ ఎంత తగ్గింది? గాలిలోని ధూళిని వెలుతురుతో కొలిచే పద్ధతి



శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు మనమంతా మిద్దె ఎక్కి చూసేవాళ్లం. రాకెట్ కనపడకుండా పోగానే దిగేసేవాళ్లం. వెనక మిగిలిన పొగను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఎమ్మెస్సీ ఫిజిక్సులో మాకు వచ్చిన ప్రాజెక్టు అలా గాలిలో మిగిలిపోయే కణాల మీదే. చేసింది మేమిద్దరం. ఇద్దరమూ ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్లమే, ఇద్దరి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. "పొగను కొలిస్తే ఉద్యోగం ఇస్తారా నాయనా?" అని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

గాలిలో తేలే సన్నని ఘన, ద్రవ కణాలను ఏరోసాల్స్ అంటారు. మన తడలో వీటికి కొదవ లేదు. పులికాట్ మీదుగా వచ్చే సముద్రపు ఉప్పు, జాతీయ రహదారి మీద లారీల పొగ, ఊళ్లలో కట్టెల పొయ్యిలు. ఫిల్టర్ మీద పట్టి తూకం వేస్తే బరువు తెలుస్తుంది. 2.5 మైక్రాన్ల లోపు కణాలు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని 2009లో మన దేశం ప్రమాణం పెట్టింది. అయితే అంతే బరువున్న ఉప్పు, అంతే బరువున్న మసి ఒకటేనా? తూకానికి ఒకటే. వెలుతురుకు కాదు. ఉప్పు వెలుతురును చెదరగొడుతుంది, మసి చాలావరకు మింగేసి గాలిని వేడెక్కిస్తుంది.

అందుకే వెలుతురుతో కొలుస్తారు. సన్ ఫొటోమీటర్ అనే చిన్న పరికరాన్ని సూర్యుడికి గురిపెడితే ఒక్కో రంగు వెలుతురు నేరుగా ఎంత చేరిందో చెబుతుంది. లెక్క మాత్రం మీరు ఇంటర్లో విసుక్కునే లాగరిథమే. గాలి వెలుతురును అడ్డుకునే కొలతను ఆప్టికల్ డెప్త్ అంటారు. అది 0.5 అనుకోండి. సూర్యుడు నడినెత్తిన ఉంటే 61 శాతం వెలుతురు నేరుగా దిగుతుంది. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే వెలుతురు రెండింతల గాలి దాటి రావాలి కాబట్టి 37 శాతమే దిగుతుంది. ఉదయం నుంచి వరసగా రీడింగులు తీసి, వెలుతురు లాగరిథమ్‌ను నిలువుగా, దాటిన గాలి మందాన్ని అడ్డంగా పెట్టి గీస్తే సరళరేఖ వస్తుంది, ఆ పూటంతా గాలి మారకుండా ఉంటే. రేఖ కిందికి ఎంత వాలిందో అదే ఆప్టికల్ డెప్త్. రేఖను సున్నా గాలి దాకా పొడిగిస్తే వాతావరణం పైన వెలుతురు ఎంతో తెలుస్తుంది. రాకెట్ ఎక్కకుండా, గ్రాఫు కాగితంతోనే! దీన్ని లాంగ్లీ ప్లాట్ అంటారు. ఇందులోంచి గాలి అణువుల వాటా (500 నానోమీటర్ల దగ్గర సుమారు 0.14), ఓజోన్ వంటి వాయువుల వాటా తీసేస్తే మిగిలింది ధూళిది.

ఎలాంటి ధూళి? బీడీ తాగే తాతను గమనించండి (గమనించడం వరకే). కాలే కొస నుంచి వచ్చే పొగ నీలంగా ఉంటుంది, నోట్లోంచి వదిలింది తెల్లగా ఉంటుంది. కణాలు మరీ సన్నగా ఉంటే నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. నోటి తేమకు లావెక్కాక అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. ఈ తేడాను 1929లో స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ ఒక అంకెగా రాశాడు. పొగలకు అది సాధారణంగా 1 దాటుతుంది, ఉప్పుకు, ఎడారి దుమ్ముకు సున్నాకు దగ్గరగా ఉంటుంది. తేమ ఎక్కువైన ఉదయాల్లో పులికాట్ మీద కనిపించే మసక అంతా కాలుష్యం కాదు, తేమ తాగి ఉబ్బిన ఉప్పు కూడా కావచ్చు.

మేము దెబ్బ తిన్నదీ ఇక్కడే. ఆప్టికల్ డెప్త్ బాగా పెరిగింది, ఏదో కనిపెట్టేశామని సంబరపడ్డాం. "ఆ రోజు ఆకాశం ఎలా ఉందో రాసుకున్నారా?" అని సారు అడిగారు. రాసుకోలేదు. ఆంగ్‌స్ట్రామ్ అంకె సున్నా దగ్గరుంది. మేము కొలిచింది పొగను కాదు, పల్చటి ఎత్తు మబ్బును. పదకొండు రోజుల రీడింగులు పక్కన పడేశాం.

ఈ పని మన పక్కనే పెద్దగా జరుగుతోంది. తిరుపతి - చిత్తూరు దారిలో గాదంకి దగ్గర 1992లో రాడార్ కేంద్రంగా మొదలైన సంస్థ 2005లో నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది. అక్కడ 1998లో జపాన్ సహకారంతో లైడార్ పెట్టారు. రాత్రిపూట ఆకుపచ్చ లేజర్‌ను ఆకాశంలోకి వదిలి, తిరిగొచ్చిన వెలుతురును పడతారు. సెకనులో లక్షో వంతుకు తిరిగొస్తే ఆ కణాలు 1.5 కిలోమీటర్ల ఎత్తున ఉన్నట్టు. 1999లో జరిగిన ఇండోఎక్స్ పరిశోధన మన ఉపఖండం పొగమసక హిందూ మహాసముద్రం మీద పరుచుకుని, నీటికి చేరే ఎండను తగ్గించి గాలిని వేడెక్కిస్తోందని చూపింది. అందులోని మసే ముఖ్య కారణం.

ఒక సంగతి దాచకూడదు. మా పరికరం గాలి శుభ్రంగా ఉందని చూపిన ఒక రోజు ఇంటికి వెళితే, మాలో ఒకరి అమ్మ పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంటూ దగ్గుతోంది. గ్యాస్ ఉన్నా నీళ్లు కాచేది కట్టెల మీదే. సన్ ఫొటోమీటర్ నేల నుంచి ఆకాశం దాకా ఉన్న గాలిని కలిపి కొలుస్తుంది, వంటింట్లోకి తొంగి చూడదు. అక్కడికి ఎథలోమీటర్ కావాలి. అది గాలిని తెల్ల ఫిల్టర్ గుండా పీల్చి, మసి పట్టేకొద్దీ ఫిల్టర్ దాటే వెలుతురు ఎంత తగ్గిందో కొలుస్తుంది.

అంత ఖరీదైనది మన దగ్గర లేదు. కానీ ఒకే రకం తెల్లకాగితాలు రెండు తీసుకోండి. ఒకటి ఇంట్లో పొయ్యి పక్క గోడకు, మంట తగలనంత దూరంలో, వారం రోజులు తగిలించండి. రెండోది పుస్తకంలో దాచండి. చీకటి గదిలో ఒక్కొక్కటే టార్చికి అడ్డం పెట్టి, సెల్‌ఫోన్ లైట్ మీటరుతో కొలవండి. పరికరమంత కచ్చితంగా రాదు, పోల్చడానికి చాలు. రెండు అంకెల లాగరిథమ్ తేడా రాసి ఉంచితే సంక్రాంతి సెలవుల్లో వచ్చి చూస్తాం. కాగితం వెనక తేదీ, ఆ వారం గ్యాసా కట్టెలా అన్నది మాత్రం తప్పకుండా రాయండి.