ఇంట్లో మార్పు, మనసులో బరువు: ఫోన్ ద్వారా కౌన్సిలింగ్



రోగి వెంట వచ్చి, వార్డు బయట గంటల తరబడి ఎదురుచూసే మీ కోసమే ఈ పాఠం.

బీర్కూర్ వైపు నుంచి ఒక తల్లి మూడు నెలల్లో మూడుసార్లు మా దగ్గరకు వచ్చింది. వయసు ముప్పై దాటింది. బీడీలు చుడుతుంది. ప్రతిసారీ ఒకటే బాధ: గుండెదడ, చేతుల వణుకు, నిద్ర లేకపోవడం. ఈసీజీ తీశాం, రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయి. "నా కొడుకు ఎనిమిదేండ్లకు దుబాయి నుంచి ఇంటికొచ్చిండు. సంతోషంగా ఉండాల్సింది పోయి ఇట్ల పండుకుంటుంది సిస్టరమ్మా" అని అత్త విసుక్కుంది. అత్త టీ తేవడానికి వెళ్ళాక ఆ తల్లి నోరు విప్పింది.

"ఎనిమిదేండ్లు ఇల్లు నేనే నడిపిన సిస్టర్. అప్పులోళ్ళకు నేనే జవాబు చెప్పిన. ఇప్పుడు ఆయన రూపాయి రూపాయికి లెక్క అడుగుతున్నడు. పిల్లలు ఆయన దగ్గరికి పోతలేరు. ఆయన కూడా రాత్రంతా నిద్రపోడు. ఎవరికి చెప్పుకోవాలె?"

ఆమె గుండెకు జబ్బు లేదు. ఇంట్లో వచ్చిన మార్పును తట్టుకోలేక మనసు అలసిపోయింది.

మంచి మార్పు కూడా బరువే

భర్త గల్ఫ్‌కు వెళ్ళడం మాత్రమే కాదు, తిరిగి రావడం కూడా మార్పే. కూతురి పెళ్ళి, కొత్త కోడలు రావడం, మొదటి కాన్పు, పంట నష్టం, ఇంటి పెద్ద మరణం, పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకోవాల్సి రావడం – వీటన్నిటిలో ఇంట్లో ఎవరి పని ఏమిటి, ఎవరి మాట చెల్లుతుంది అన్నది మారిపోతుంది. కొన్ని వారాలు దిగులు, చిరాకు ఉండటం సహజం. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోయినా, ఇష్టమైన పనులపై కూడా మనసు పోకపోయినా, కారణం లేకుండా ఏడుపు వస్తున్నా సహాయం తీసుకోవాలి. ఇది పిచ్చి కాదు. బలహీనత కాదు. గాలి సోకడం అంతకన్నా కాదు.

ఫోన్‌లో మాట్లాడితే నయమవుతుందా?

చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు. కౌన్సిలర్ మనకు నీతులు చెప్పడు, తీర్పు తీర్చడు. మన మాట వింటాడు, చిక్కుముడిని ఒక్కొక్క పోగుగా విడదీయడానికి సాయపడతాడు. ఆందోళన, దిగులు ఉన్నవారిలో చాలామందికి ఈ మాటల చికిత్స ఫోన్‌లో, వీడియోలో చేసినా ఎదురుగా కూర్చుని చేసినట్టే మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలింది. బీర్కూర్ నుంచి నిజామాబాద్‌కు వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఫోన్‌కు ఆ ఖర్చు లేదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు. ముందుగా శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి పంపిస్తారు. మొదటి ఫోన్‌లోనే నిద్రమాత్రలు రాసిస్తారని ఆశించకండి.

డబ్బు చెల్లించి వీడియో కౌన్సిలింగ్ తీసుకునేవారు ముందు వివరాలు అడగండి. మందులు రాసేది సైకియాట్రిస్టు. వారికి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం తప్పు కాదు. ఓటీపీ గానీ, బ్యాంకు వివరాలు గానీ ఎవరికీ చెప్పకండి.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

1. ఫోన్ ఇచ్చి, మీరు బయటికి వెళ్ళండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మన ఇళ్ళలో ఒక గది, ఒక ఫోన్ ఉంటాయి. అత్త, ఆడబిడ్డ, పిల్లలు వింటూ ఉంటే అసలు మాట గొంతులోనే ఆగిపోతుంది.

2. తర్వాత "ఏం చెప్పినవ్? నా గురించి చెప్పినవా?" అని అడగకండి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతుంది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లోనే దానికి మినహాయింపు. ఇంట్లో కూడా ఆ గౌరవం ఇవ్వండి.

3. ఒక్క ఫోన్‌తో అంతా సర్దుకోదు. మళ్ళీ చేయనివ్వండి.

4. వాడుతున్న మందులు ఉంటే మీ ఇష్టప్రకారం ఆపకండి.

ఫోన్ సరిపోని సందర్భాలు

పురుగుమందు తాగినా, ఒంటికి హాని చేసుకున్నా ఫోన్ పట్టుకుని కూర్చోకండి. వెంటనే 108కి చెప్పి ఆసుపత్రికి తీసుకురండి. "చచ్చిపోవాలనిపిస్తుంది" అన్నవారిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో నుంచి తీసేయండి. కేసు అవుతుందని భయపడి ఆలస్యం చేయకండి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని అదే చట్టంలో ఉంది.

కల్లు, సారా హఠాత్తుగా మానేసిన మనిషికి వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలు వస్తే అది ఆసుపత్రిలో చూడాల్సిన అత్యవసర స్థితి. 2025 ఏప్రిల్‌లో బీర్కూర్, నస్రుల్లాబాద్ మండలాల్లో కల్తీ కల్లు తాగి చాలామంది ఆసుపత్రి పాలైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో కొట్టడం, హింస ఉంటే మహిళల సహాయవాణి 181కి, తక్షణ ప్రమాదం ఉంటే 112కి ఫోన్ చేయాలి.

ఆ తల్లి ఇప్పుడు ఎలా ఉంది?

మొదటి ఫోన్ మా సిస్టర్ల గదిలో నుంచి చేసింది. ఆ రోజు ఏడవడం తప్ప ఎక్కువ మాట్లాడలేదు. రెండోసారి ఇంటి నుంచి చేసింది. అప్పుడు ఆమె అత్త, పిల్లలిద్దరినీ తీసుకుని వేపచెట్టు కిందికి వెళ్ళి కూర్చుందట. "నేనుంటే అది చెప్పదు గద సిస్టరమ్మా" అని నాతో అంది. నెల తర్వాత కొడుకు కూడా ఫోన్ చేశాడు. ఎనిమిదేళ్ళ తర్వాత సొంత ఇంట్లో చుట్టంలా అనిపించడం అతని బాధ.

అప్పు ఇంకా తీరలేదు. పిల్లలు నాన్న దగ్గరికి మెల్లమెల్లగా చేరుతున్నారు. ఇప్పుడు ఆదివారం ఇద్దరూ కలిసి కూర్చుని లెక్క రాసుకుంటున్నారు. గుండెదడ అప్పుడప్పుడు వస్తుంది, కానీ ఆమె మళ్ళీ ఈసీజీ కోసం రాలేదు.

మీ ఇంట్లోనూ ఇలా మౌనంగా పడుకున్నవారు ఉండవచ్చు. 14416 నంబరును గోడమీద క్యాలెండర్‌పై రాసిపెట్టండి. అవసరమైన రోజున ఫోన్ వారి చేతికిచ్చి, మీరు కాసేపు బయట కూర్చోండి.