అడుగున సెన్సర్, పైన వేడి: ప్రమాదానికి మూల కారణం వెతకడం ఎలా?

2020 మే 7, తెల్లవారుజామున సుమారు 3 గంటలు. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి, చుట్టుపక్కల నిద్రలో ఉన్న ఇళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు.

ఇలాంటి దుర్ఘటన జరగ్గానే అందరి నోటా వచ్చే ప్రశ్న 'తప్పెవరిది?' అని. దర్యాప్తు చేసేవారు మాత్రం ముందు 'ఎందుకు జరిగింది?' అని అడగాలి. వచ్చిన జవాబు మీద మళ్లీ 'అదెందుకు?' అనాలి. జపాన్ సంస్థ టొయోటా ద్వారా ప్రాచుర్యం పొందిన ఈ పద్ధతికి 'ఐదు ఎందుకులు' అని పేరు. ఐదు అన్నది లెక్క కాదు. సరిదిద్దగల కారణం దొరికేదాకా ఆగవద్దని అర్థం. విశాఖ ఘటనపై రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. అందులోని అంశాలను ఇదే వరుసలో చూద్దాం.

ఆవిరి ఎందుకు వెలువడింది?
ట్యాంకులోని స్టైరీన్ విపరీతంగా వేడెక్కింది.

ఎందుకు వేడెక్కింది?
స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి పొడవైన గొలుసులుగా మారతాయి. ఇదే పాలిమరీకరణం. ఇందులో వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది.

ఎందుకు అదుపు తప్పింది?
ఈ చర్యను అడ్డుకునేందుకు కలిపే టీబీసీ అనే నిరోధకం తగినంత లేదు. అది పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి, దాన్ని కొలవలేదు. శీతలీకరణ కూడా రోజంతా నడవలేదు.

ముందే ఎందుకు తెలియలేదు?
ఉష్ణోగ్రత సెన్సర్ ట్యాంకు అడుగున ఉంది. బకెట్‌లో చన్నీళ్ల మీద నెమ్మదిగా వేడినీళ్లు పోసి, కలపకుండా వదిలేయండి. పైన చెయ్యి కాలుతుంది, అడుగున చల్లగానే ఉంటుంది. వేడి ద్రవానికి సాంద్రత తక్కువ కాబట్టి అది పైనే నిలుస్తుంది. ట్యాంకులోనూ అంతే. పైపొరల్లో వేడి పెరుగుతున్నా అడుగున ఉన్న సెన్సర్‌కు అది అందలేదు.

పైపొరలు ఎందుకు కలవలేదు?
2019 డిసెంబరులో ట్యాంకు పైపుల అమరికను మార్చారు. దాంతో ద్రవం పైకీ కిందికీ సరిగా తిరగలేదు.

ఇక్కడ ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారి స్థానంలో మరొకరిని ఊహించండి. వారికి కనిపించేదీ అడుగున ఉన్న సెన్సర్ చూపే అంకెే. మనిషిని మార్చినా ప్రమాదం మారకపోతే, మూల కారణం మనిషిలో కాదు, ఏర్పాటులో ఉన్నట్టు. లాక్‌డౌన్‌లో నిల్వ కదలకుండా ఉండిపోవడం ఆ లోపాన్ని బయటపెట్టింది, అంతే. అలాగని బాధ్యత ఎవరికీ లేదని కాదు. ఆ ఏర్పాటును ఆమోదించినవారి దాకా ప్రశ్న వెళుతుందన్నమాట.

దర్యాప్తు విలువ దాని సిఫార్సుల్లో తెలుస్తుంది. 'సిబ్బంది జాగ్రత్తగా ఉండాలి' అన్నది బలహీనమైన పరిష్కారం. వేర్వేరు ఎత్తుల్లో సెన్సర్లు, నిరంతర శీతలీకరణ, ఏ మార్పుకైనా ముందు భద్రతా సమీక్ష తప్పనిసరి చేయడం బలమైనవి. కర్మాగారంలో పలుచోట్ల సైరన్ మీటలున్నా ఆ రాత్రి సైరన్ మోగలేదు. వెంకటాపురం వాసుల తరఫున అడగాల్సిన మరో 'ఎందుకు' అదే.