ఇంటిలోని ఉమ్మడి ఫోల్డరు

మన పాఠశాల విద్యార్థుల యిండ్లలో పలుచోట్ల నొక కంప్యూటరును, రెండు మూడు సెల్‌ఫోనులును, వీనికన్నిటికిని అంతర్జాలము నందించు రౌటరు పెట్టెయును గలవు. అయినను తల్లి ఫోనులోని చిత్రము కుమారుని కంప్యూటరునకు జేరవలెనన్నచో, వాట్సాపులో పంపుటయో, పెన్‌డ్రైవు వెదకుటయో జరుగుచున్నది. అట్లు పంపిన చిత్రము తరచుగా స్పష్టతను గోల్పోవును. ఒకే పత్రమునకు నాలుగు ప్రతులేర్పడి, వానిలో సరియైనది యేదియో తెలియకుండును. నరసాపురమున లేసు అల్లిక పనిచేయు నిండ్లవారికి ఈ చిక్కు బాగుగా దెలియును. మాదిరి కొలతలు మారిన పిదప పాత ప్రతిని జూచి యల్లినచో, పడిన శ్రమయంతయు వ్యర్థమే కదా. ఈ యిబ్బందిని దీర్చు నుపాయమును గూర్చి యిచట వివరింతుము.

మొదట దీని తత్త్వమును గ్రహింతము. కాలువల సీమలో బుట్టిన మనకిది కష్టము గాదు. 1852వ సంవత్సరమున ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టనుండి నీరు పెద్దకాలువలగుండను, పిల్లకాలువలగుండను మన చేలకు వచ్చును. అంతర్జాలము అట్టిది. కాని యొక చేని నీటిని ప్రక్కచేనికి మరల్చుటకు బోదె తీసిన జాలును. ధవళేశ్వరము దాక పోనక్కరలేదు. అట్లే యొక యింటిలోని రెండు యంత్రములు పత్రముల నిచ్చిపుచ్చుకొనుటకు రౌటరొక్కటి చాలును. అంతర్జాలము తెగిపోయినను ఈ పని నిలువదు, డేటాయు ఖర్చుగాదు.

యంత్రములు రెండును మాటలాడుకొనుటకు ఒక భాష కావలెను. అట్టి దానికి ఎస్.ఎం.బి. యని పేరు. దీనిని 1983లో ఐ.బి.ఎం. సంస్థయందు బ్యారీ ఫైగెన్‌బామ్ అను నతడు రూపొందించెను. పిదప మైక్రోసాఫ్టు సంస్థ దీనిని విండోసులో వ్యాపింపజేసెను. 1992 ప్రాంతమున ఆస్ట్రేలియా విద్యార్థియగు ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన సాంబా యను ఉచిత ప్రోగ్రాము మూలమున లినక్సు యంత్రములును ఈ భాషను నేర్చినవి. 2009లో విండోసు 7తో వచ్చిన హోమ్‌గ్రూప్ అను సులభమార్గము 2018లో విండోసు 10 నుండి తొలగింపబడినది. కావున పాత పుస్తకములలో దానిని జూచినవారు ఇప్పుడు వెదకి ప్రయాసపడనక్కరలేదు.

ఇక జేయవలసిన పని. మొదట ఇంటిలోని కంప్యూటరులలో నొకదానిని ధాన్యపు గాదెవలె నేర్పరచుకొని, దానికి చిన్న పేరు పెట్టవలెను. రెండవది, అందలి సెట్టింగ్స్‌లో మన యింటి వైఫైని ‘ప్రైవేట్’ అని గుర్తింపవలెను. అధునాతన షేరింగ్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ డిస్కవరీ’, ‘ఫైల్ షేరింగ్’ అను రెంటిని ప్రైవేట్ నెట్‌వర్కునకు మాత్రమే తెరువవలెను. రైలు స్టేషను, హోటలు మొదలగు చోట్ల వైఫైని ‘పబ్లిక్’ గానే యుంచవలెను. మూడవది, ఆ కంప్యూటరులో ఇంటివారికొరకు సంకేతపదము గల ఖాతాను వేరుగా సృష్టింపవలెను. నాలుగవది, ‘ఉమ్మడి’ అను ఫోల్డరు జేసి, దాని ప్రాపర్టీస్‌లో ‘షేరింగ్’ను తెరచి, ఆ ఖాతాను జేర్చి, ‘రీడ్’ అనగా చదువుటకు మాత్రమో, ‘రీడ్-రైట్’ అనగా చదివి మార్చుటకును గూడనో అనుమతి నీయవలెను.

ఐదవది రెండవ కంప్యూటరులో జేయవలసినది. ‘దిస్ పీసీ’లో ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ అనుదానిని నొక్కి, రెండు వెనుకవాలు గీతలను, కంప్యూటరు పేరును, మరియొక అట్టి గీతను, ఫోల్డరు పేరును వరుసగా వ్రాయవలెను. ప్రతిసారి మరల కలియుమను గడిలో గుర్తు పెట్టినచో, ఆ ఫోల్డరు అనుదినము స్వంత డ్రైవువలెనే కనబడును. ఐఫోనులో ‘ఫైల్స్’ అను యాప్‌నుండి 2019 మొదలు ఈ సౌకర్యము గలదు. ఆండ్రాయిడు ఫోనులలో ఎస్.ఎం.బి. తెలిసిన ఫైలు మేనేజరు యాప్‌ను వాడవలెను.

కొన్ని చిక్కులను ముందే చెప్పుదుము. గాదె కంప్యూటరు నిద్రించినచో ఫోల్డరు మాయమగును. తెర తెరచుటకు వాడు పిన్ సంఖ్య యిచట పనికిరాదు, ఖాతా సంకేతపదమే కావలెను. కరెంటు పోయి రౌటరు మరల వెలిగినపుడు యంత్రముల అంకెల చిరునామాలు మారవచ్చును. కావున అంకెలతో గాక పేరుతోనే పిలుచుట మేలు.

మా యింట జరిగినది చెప్పుటకు సిగ్గగుచున్నను, విద్యార్థులకు మేలగునని చెప్పుచున్నాము. మేము మొదట ఈ యేర్పాటు జేసినపుడు, సులభముగా నుండునని యెంచి యింటివారందరికిని మార్చు నధికారము నిచ్చితిమి. స్వర్గస్థురాలైన మా తల్లిగారి మాటలును పాటలును రికార్డు చేసినవి పదునాలుగు అందుండెను. మా చిన్న కుమారుడు తన ఆటల వీడియోలకు చోటు చాలక, ఆ పాత ఫోల్డరును తన ల్యాప్‌టాపు నుండి చెరిపివేసెను. రీసైకిల్ బిన్‌లో వెదకితిమి, లేవు. నెట్‌వర్కు గుండ చెరిపిన పత్రములు సాధారణముగా అందు జేరవు, తక్షణమే తొలగిపోవును. మా చెల్లెలి ఫోనులో నాలుగు దొరకినవి. తక్కిన పదింటిని మరల వినలేకపోతిమి. తప్పు బాలునిది గాదు, తాళము లేని గాదెను అప్పగించిన మాదే. నాటినుండి మా యింట రెండు ఫోల్డరులున్నవి. ఒకదానిలో అందరును వ్రాయుదురు. రెండవది చదువుటకు, వినుటకు మాత్రమే. దాని ప్రతి యొకటి వేరు డిస్కులో, మరియొకటి యూరిబయటి బంధువుల యింట గలవు. వరదలును తుపానులును వచ్చు మన ప్రాంతమున ఒకే యింటిలోని రెండు ప్రతులు ఒక్క ప్రతితో సమానమే.

అప్‌డేట్లెందుకని యడుగువారు 2017 మే నెలను తలచుకొనవలెను. ఆ నెల వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఎస్.ఎం.బి. మొదటి రూపములోని లోపముగుండ ప్రపంచమంతట వ్యాపించి పత్రములకు తాళము వేసెను. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటరులు కొన్నియు దాని వాతబడెను. ఆ లోపమును సరిదిద్దు నప్‌డేటును మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలల ముందే విడుదల చేసియుండెను. కాబట్టి అప్‌డేట్లను వాయిదా వేయరాదు. పాత పరికరములకొరకై ఆ మొదటి రూపమును మరల తెరువరాదు.

ఈ సెలవులలో విద్యార్థులు తమ యింట నిట్టి ఫోల్డరు నొకటి యేర్పరుపవలెనని మా కోరిక. ముందుగా అమ్మగారి, నాయనమ్మగారి ఫోనులలోని చిత్రములను అందు భద్రపరచి, వేరొక ప్రతిని దీసి, అటుపిమ్మటనే తమ ఆటలకు చోటు వెదకుకొందురు గాక.