పరాయి నగరంలో బస

ఉద్దేశం

పరిచయం లేని నగరంలో తక్కువ ఖర్చుతో బస కుదుర్చుకోవటం, విమానాశ్రయం నుండి ఊరిలోకి చేరటం అనే రెండు విషయాలను కలిపి ఆలోచించవలసిన అవసరాన్ని తెలియజేయటం ఈ పాఠం ఉద్దేశం. ఇది యాత్రావ్యాసం. మలేషియా రాజధాని కౌలాలంపూర్ ఇందులోని స్థలం.

పాఠ్యభాగం

దేశాంతర ప్రయాణం ఒకప్పుడు కలవారికి మాత్రమే సాధ్యమైన పని. నేడు ఉపాధి కోసం, చదువు కోసం, వైద్యం కోసం, బంధువులను చూడటం కోసం సామాన్య కుటుంబాలవారు కూడా విమానమెక్కుతున్నారు. వీరిని మొదట వేధించే ప్రశ్నలు రెండు. విమానం దిగిన తరువాత ఊరిలోకి వెళ్ళేదెట్లా? ఆ రాత్రి తల దాచుకొనేదెక్కడ? చాలామంది ఈ రెండింటికీ విడివిడిగా సమాధానాలు వెతుకుతారు. నేనూ ఒకసారి అట్లాగే వెతికి తగిన మూల్యం చెల్లించుకొన్నాను.

మా తాతగారి తమ్ముడు యౌవనంలో శ్రీకాకుళం ప్రాంతం నుండి ఓడలో మలయా దేశానికి వెళ్ళి రబ్బరు తోటలో కూలీగా కుదిరాడు. అట్లా వెళ్ళిన తెలుగువారు అక్కడ వేలకు వేలు. 1938లో భారత ప్రభుత్వం ఆ దేశానికి కూలీల వలసను నిలిపివేసే నాటికే ఎన్నో కుటుంబాలు అక్కడ వేళ్ళూనుకొన్నాయి. వారు తమ భాషను కాపాడుకోవటానికి 1955లో మలయా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకొన్నారు. రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో జరిగింది కౌలాలంపూర్‌లోనే. మా చిన్నతాత కూతురు, అంటే మా అమ్మకు చెల్లెలు, ఇపో పట్టణం దగ్గర నివసిస్తున్నది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉత్తరాలలోను, ఫోనులోను పలుకరించుకోవటమే తప్ప ఒకరినొకరు చూచుకొన్నది లేదు. 2019లో పిన్ని కంటి వైద్యం కోసం కౌలాలంపూర్ వచ్చింది. ఆమె తిరిగి ఇపోకు రైలెక్కేది ఉదయం తొమ్మిది గంటలకు. ఎనిమిదింటికల్లా సెంట్రల్ స్టేషనులో కలుసుకొంటే ఒక గంట కూర్చుని మాట్లాడుకోవచ్చునని అమ్మ కోరిక. మా ప్రయాణం ముందునాటి రాత్రికి కుదిరింది.

బస ఏర్పాటు చేసే బాధ్యత నాది. అంతర్జాలంలో వెతికి, అన్నింటిలోకి చవకైనదానిని ఎంచుకొన్నాను. రాత్రికి అరవై రింగిట్లు. అప్పట్లో ఒక రింగిట్ మన పదిహేడు రూపాయలకు దగ్గరగా ఉండేది. స్టేషనుకు సమీపంలో ఉన్న గదులకు తొంభై అయిదు అడుగుతున్నారు. మూడు రాత్రులకు నూట అయిదు రింగిట్లు మిగిలాయని సంబరపడ్డాను. "నగరానికి పదిహేను నిమిషాల దూరం" అన్న ప్రకటనను చదివాను గాని, ఏ వాహనంలో, ఏ వేళలో పదిహేను నిమిషాలో ఆలోచించలేదు.

కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయం నగరంలో లేదు. 1998లో ప్రారంభమైన ఈ విమానాశ్రయం సెలంగోర్ రాష్ట్రంలోని సెపాంగ్‌లో ఉన్నది. నగరంలోని సెంట్రల్ స్టేషనుకు రైలు మార్గంలో 57 కిలోమీటర్లు. అక్కడి నుండి నగరం చేరటానికి ముఖ్యంగా మూడు మార్గాలు ఉన్నాయి. వేగవంతమైన రైలు మొదటి టెర్మినల్ నుండి 28 నిమిషాలలో చేరుస్తుంది. దానికి మనిషికి 55 రింగిట్లు. బస్సుకు సుమారు ఒక గంట పడుతుంది, రద్దీ ఉంటే మరికొంత ఎక్కువ. టిక్కెట్టు మాత్రం పదిహేను రింగిట్లకు అటూ ఇటూగా ఉంటుంది. మూడవది కారు. ఒంటరివానికి బస్సు మేలు. సమయం తక్కువగా ఉన్నవారికి రైలు మేలు. ముగ్గురు నలుగురు కలిసి, సామాను ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రమే కారు గిట్టుబాటు అవుతుంది.

మేము విమానం దిగి తనిఖీలన్నీ ముగించుకొని వెలుపలికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. రైలూ ఉన్నది, బస్సూ ఉన్నది. అయితే అవి రెండూ మమ్మల్ని సెంట్రల్ స్టేషనులో దింపుతాయి. మా బస అక్కడికి చాలా దూరం. దాని సమీపంలో ఏ రైలు మార్గమూ లేదు. అర్ధరాత్రివేళ మోకాళ్ళ నొప్పులున్న తల్లితో మళ్ళీ ఇంకొక బండి వెతుక్కోవాలి. ఆ ఆలోచనతో నేను తటపటాయిస్తుండగా ఒక వ్యక్తి ఎదురు వచ్చి, నవ్వుతూ పెట్టె అందుకొన్నాడు. రెండు వందలు అడిగి నూట ఎనభైకి ఒప్పుకొన్నాడు. అతనిది అనుమతి పొందిన టాక్సీయో కాదో అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది. మూడు రాత్రులకు మిగిలిందనుకొన్న సొమ్ము ఒక్క గంటలో హరించుకొనిపోయింది.

టాక్సీ కావలసినవారు అట్లా ఎదురు వచ్చేవారిని నమ్మకూడదు. విమానాశ్రయంలోనే దూరాన్ని బట్టి ముందుగా రుసుము చెల్లించి చీటీ తీసుకొనే కౌంటరు ఉంటుంది. చరవాణి ద్వారా కారు పిలిచే సదుపాయమూ ఉన్నది. అందులో ఎక్కకముందే ధర తెలుస్తుంది. టోలు రుసుము దానికి అదనమని గుర్తుంచుకోవాలి. మీటరు టాక్సీలకు అర్ధరాత్రి నుండి ఉదయం ఆరు వరకు సగం ధర అదనంగా పడుతుంది. విమానం బాగా పొద్దుపోయి దిగేటట్లయితే తొందరపడకుండా తెల్లవారేవరకు విమానాశ్రయంలోనే వేచి ఉండటం ఉత్తమం. రెండవ టెర్మినల్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న గదులు కూడా ఉన్నాయి.

మా బస ఒక పాత దుకాణాల వరుసపైన మూడవ అంతస్తులో ఉన్నది. లిఫ్టు లేదు. మెట్లు నిలువుగా ఉన్నాయి. అమ్మ ప్రతి మెట్టు మీదా ఆగి ఆగి ఎక్కింది. గదికి కిటికీ లేదు. అద్దెకు తోడు విదేశీయులు గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను కట్టాలన్నారు. అది 2017 సెప్టెంబరు 1 నుండి ఆ దేశమంతటా అమలులో ఉన్న పన్ను. అందులో మోసం లేదు. దానిని ముందుగా లెక్కలో చేర్చకపోవటం నా పొరపాటు. తాళంచెవికి ధరావతు కూడా కట్టి పడుకొనేసరికి రెండు గంటలయింది.

ఉదయం ఏడున్నరకే బయలుదేరాము. పదిహేను నిమిషాల దారి అన్నది రోడ్లు ఖాళీగా ఉన్నప్పటి మాట. కార్యాలయాలకు వెళ్ళే వాహనాల నడుమ మా కారు నిలిచిపోయింది. అమ్మ ఒడిలో పిన్ని కోసం తెచ్చిన చీర, ఇంట్లో చేసిన సున్నుండల డబ్బా ఉన్నాయి. ఆమె మాటిమాటికీ నా చేతి గడియారం వైపు చూచింది గాని ఒక్క మాట అనలేదు. మేము స్టేషనులో అడుగు పెట్టేసరికి తొమ్మిది దాటి పది నిమిషాలు. పిన్ని వెళ్ళిపోయింది. రైలులో నుండే ఫోను చేసింది. "అక్కా, నీ కోసం గేటు మూసేదాకా నిలుచున్నాను" అన్నది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకొని, "గది చవకదే నాయనా, దారే ఖరీదైనది" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందువల్లనే అది నన్ను మరింత బాధించింది.

సెంట్రల్ స్టేషను ఉన్న పేట పేరు బ్రిక్‌ఫీల్డ్స్. 1881లో అగ్ని ప్రమాదం, వరద ఒకదాని వెంట ఒకటి వచ్చి కౌలాలంపూర్‌ను ధ్వంసం చేశాయి. ఆ తరువాత కొయ్యకు, తాటాకుకు బదులు ఇటుకలతో, పెంకులతో ఇళ్ళు కట్టాలని నిర్ణయించారు. ఆ ఇటుకలు కాల్చిన బట్టీల వల్లనే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. భారతీయుల దుకాణాలు, భోజనశాలలు, గుడులు ఇక్కడ ఎక్కువ. 2010 నుండి దీనిని అధికారికంగా లిటిల్ ఇండియా అంటున్నారు. అరిటాకులో అన్నం వడ్డించే ఒక భోజనశాలలో ఆ మధ్యాహ్నం తిన్నాము. యజమాని తమిళుడు. మా సంగతి విని, స్టేషనుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఒక బసను చూపించాడు. గది కిందనే ఉన్నది. కిటికీ ఉన్నది. రాత్రికి తొంభై అయిదు రింగిట్లు.

దాని గుమ్మం మీద 'రుమాహ్ తుంపాంగన్' అని రాసి ఉన్నది. రుమాహ్ అంటే ఇల్లు. తుంపాంగ్ అనే మలయ్ ధాతువుకు ఒకరి ఇంట బస చేయటమనే అర్థమూ ఉన్నది, ఒకరి బండిలో ఎక్కి వెళ్ళటమనే అర్థమూ ఉన్నది. ప్రయాణికుణ్ణి 'పెనుంపాంగ్' అంటారు. బస, ప్రయాణం వేరువేరు కావని నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఆ ఒక్క పదంలో ఇమిడి ఉన్నది. ఆ నగరంలో మనకు చుట్టాలైన మాటలు ఇంకా ఉన్నాయి. విద్యార్థుల వసతిగృహాన్ని 'అస్రమ' అంటారు. అది మన ఆశ్రమమే. ధరను 'హర్గ' అంటారు. అది సంస్కృతంలోని అర్ఘం నుండి వచ్చినది. వెల కట్టలేనిదానిని మనం అనర్ఘమంటాము కదా!

మరునాటి ఉదయం చీకటి ఉండగానే అమ్మను నెమ్మదిగా నడిపించుకొని స్టేషనుకు వెళ్ళాను. కారు అవసరం లేకపోయింది. ఇపోకు రైలు రెండున్నర గంటల ప్రయాణం. పిన్ని వాకిట్లోనే నిలుచుని ఉన్నది. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తరువాత అమ్మ డబ్బా మూత తీసి సున్నుండ అందించింది. "నాన్న చెప్పేవాడు, ఇదే రుచి" అన్నది పిన్ని. ఆమె తెలుగులో శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు.

కనుక చవకగా బస వెతికే ప్రయాణికుడు గది అద్దె ఒక్కటే చూడకూడదు. విమానాశ్రయం నుండి వచ్చే ఖర్చు, రోజూ తిరిగే ఖర్చు, పన్ను, ధరావతు కలిపి మొత్తం వేసుకోవాలి. ముందుగా పటం మీద రైలు మార్గాన్ని గుర్తించి, ఆ మార్గం వెంట గదిని వెతకాలి. విమానం దిగే వేళకు ఏ వాహనం దొరుకుతుందో, ఆ వేళకు బసలో తలుపు తీసే మనిషి ఉంటాడో లేదో తెలుసుకోవాలి. వెంట వృద్ధులుంటే మెట్లను గురించి అడగాలి. అన్నిటికీ మించి, ఏ పని మీద ఆ ఊరికి వచ్చామో దానికి దగ్గరగా ఉండాలి.

కఠినపదాలు – అర్థాలు

దేశాంతరం : ఇతర దేశం
మూల్యం : వెల
ధరావతు : హామీగా ముందు కట్టి, తరువాత తిరిగి పొందే సొమ్ము
తటపటాయించు : సంకోచించు
నిష్ఠూరం : నింద, ఎత్తిపొడుపు
అనర్ఘం : వెల కట్టలేనిది

అభ్యాసం

అ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. గది చవకదే నాయనా, దారే ఖరీదైనది.
2. నీ కోసం గేటు మూసేదాకా నిలుచున్నాను.

ఆ. సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. కౌలాలంపూర్ విమానాశ్రయం నుండి నగరానికి చేరే మార్గాలు ఏవి? ఏది ఎవరికి అనుకూలం?
2. బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేరు ఎట్లా వచ్చింది?

ఇ. వివరంగా సమాధానం రాయండి.
1. రచయిత మొదటి బస ఎంపికలో చేసిన పొరపాట్లను, వాటి ఫలితాలను వివరించండి.

ఈ. విడదీసి, సంధి పేరు రాయండి.
1. విమానాశ్రయం 2. దేశాంతరం

ఉ. మీ ఊరికి మొదటిసారి వస్తున్న మిత్రునికి రైల్వేస్టేషను లేదా బస్‌స్టాండు నుండి బసకు చేరే మార్గాన్ని, అయ్యే మొత్తం ఖర్చును తెలుపుతూ లేఖ రాయండి.