ధనుర్వాతంలో నాడులకు జరిగేదేమిటి?

శరీరాన్ని విల్లువలె వంచివేసే వ్యాధిని సుశ్రుతుడు ‘ధనుస్తంభం’ అన్నాడు. మన ఇళ్ళలో ధనుర్వాతమంటాము. ఈ వ్యాధి తత్త్వం బోధపడాలంటే రెండు నాడీకణాల సంధిలో జరిగే వ్యవహారాన్ని ముందుగా తెలుసుకోవాలి.

ఈ సంధిని సినాప్స్ అంటారు. అక్కడ నాడీకణాల మధ్య సుమారు 20 నానోమీటర్ల ఎడం ఉంటుంది. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. ఆ ఎడాన్ని దాటి సందేశాన్ని చేర్చేవి కొన్ని రసాయనాలు. ఇవి నాడి కొనలో సూక్ష్మమైన తిత్తులలో నిలవ ఉంటాయి. విద్యుత్ ప్రేరణ రాగానే నాడి కొనలోని ద్వారాలు తెరుచుకొని కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది. సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్ దానిని గుర్తిస్తుంది. తిత్తిపై ఉన్న సినాప్టోబ్రెవిన్, కణపు పొరపై ఉన్న మరి రెండు ప్రోటీన్లు జడపాయలవలె పెనవేసుకొని తిత్తిని పొరతో కలుపుతాయి. అప్పుడు రసాయనం వెలుపలికి విడుదలవుతుంది. ఈ కాల్షియం పాత్రను వివరించిన థామస్ సూడాఫ్, 2013లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరు.

ఈ రసాయనాలలో కొన్ని నాడులను ప్రేరేపిస్తాయి. గ్లైసిన్, గాబా అనేవి అదుపు చేస్తాయి. ధనుర్వాత క్రిమి మట్టిలోను, పశువుల పేడలోను ఉంటుంది. అది గాయంలో చేరి పుట్టించే విషం నాడుల వెంట వెన్నుపామును చేరి, అదుపు చేసే నాడుల కొనలలోని సినాప్టోబ్రెవిన్‌ను ఖండిస్తుంది. ఈ సంగతి 1992లో వెల్లడైంది. ఇక గ్లైసిన్, గాబా విడుదల కావు. అదుపు లేని కండరాలు బిగుసుకుపోతాయి. సాధారణంగా మొదట పట్టుకొనేది దవడ.

నాడిలోనికి ప్రవేశించిన విషాన్ని ఏ కషాయమూ, ఏ సూదిమందూ విరిచివేయలేదు. కోలుకోవడానికి వారాలు పడుతుంది. కనుక నివారణే శరణ్యం. గాయంపై పేడ, మట్టి, బూడిద ఎన్నడూ పెట్టరాదు. సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి వైద్యునికి చూపించాలి. పసుపు టీకాకు బదులు కాజాలదు. శైశవంలో వేయించే టీకాలతోపాటు పదవ ఏట, పదహారవ ఏట, గర్భిణీ దశలోను టీ.డీ. టీకా తప్పనిసరి.

టీకాలు, శుభ్రమైన కాన్పుల వలన నవజాత శిశువులలో ఈ వ్యాధి మన దేశంలోని ప్రతి జిల్లాలోను వెయ్యి జననాలకు ఒకటి కన్న తక్కువకు దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీనిని ధ్రువపరచింది. క్రిమి మాత్రం మట్టిలో అలాగే ఉన్నది. ఇంటిల్లిపాదీ టీకా తేదీలను నేడే సరిచూసుకొనండి.